ఇరవయ్యారో ప్రాణి

ఆ గదిలో పొద్దున ఎనిమిదింటికి చీకటి పడుతుంది. రాత్రి ఎనిమిదింటికి తెల్లవారుతుంది.

వినడానికి వింతగా ఉంటుంది గానీ ఇందులో మాయా లేదు, మర్మమూ లేదు. ఎలుకలు రాత్రిపూట మేలుకునే జాతి. వాటిమీద పనిచేసే మనుషులు పగటిపూట జీతం పుచ్చుకునే జాతి. ఇద్దరికీ పొసగాలంటే ఎవరో ఒకరి గడియారం తిప్పాలి. మనుషుల గడియారం తిప్పితే ఊరుకుంటారా? అందుకని కిటికీలు లేని గదికి ఒకదాని వెనక ఒకటి రెండు తలుపులు పెట్టి, పగలంతా దీపాలు ఆర్పేసి, రాత్రంతా వెలిగించి ఉంచుతారు. పగలు లోపలికి వెళ్లేవాళ్ల కోసం గోడమీద ఒకే ఒక్క ఎర్ర బల్బు. ఆ ఎరుపు ఎలుకల కంటికి ఆనదు. మనుషులకి మాత్రం బోనులూ, చేతులూ, సూదులూ అన్నీ ఒకే రంగులో మసగ్గా కనబడతాయి. తడిసిన రంపపు పొట్టు వాసన, దాణా వాసన, ఎక్కడో ఓ మూల పళ్లతో ఇనప చువ్వని గీకే చప్పుడు. బయట ఎండ మండిపోతూ ఉంటుంది.

ఆ గదిలో ఏడేళ్లుగా పనిచేస్తున్న ఆవిడని అందరూ డాక్టరమ్మ అంటారు. నిజానికి ఆవిడింకా డాక్టరు కాలేదు. పరిశోధన పూర్తయితే అవుతుంది. ఏడేళ్లుగా ‘ఇదిగో, అయిపోవచ్చింది’ అంటూనే ఉంది కనక, వెక్కిరింపుగా పెట్టిన పేరు కాస్తా చివరికి పిలుపైపోయింది.

ఆవిడ పరిశోధన ఉత్తుత్తి మందు మీద. మనిషికైతే పంచదార బిళ్ల చేతిలో పెట్టి, ఇది గొప్ప మందని చెబితే సగం జబ్బు తగ్గుతుందంటారు. మరి ఎలుకకి ఎవరు చెబుతారు? చెప్పలేం, అలవాటు చెయ్యాలి. రెండు వారాలపాటు రోజూ లవంగ నూనెలో ముంచిన దూది బోనుమీద వేలాడదీసి, ఆ వాసనలో దిగులు తగ్గించే నిజమైన మందు సూదితో ఎక్కిస్తారు. తర్వాత నెలన్నర ఆపేస్తారు, ఒంట్లో చుక్క కూడా మిగలకుండా. ఆపైన మళ్లీ అదే దూది, అదే సూది, లోపల మాత్రం ఉత్త సెలైన్. పాత మందుని తలుచుకుని ఎలుక బాగుపడుతుందా లేదా అన్నదే ప్రశ్న.

బాగుపడిందని తెలియడానికి ఈత పెడతారు. మోచేతి లోతు గాజు జాడీలో ఇరవై అయిదు డిగ్రీల నీళ్లు పోసి, అందులో వదులుతారు. బయటికి దారి లేదు. దిగులు పట్టిన ఎలుక కాసేపు కొట్టుకుని, ఇక లాభం లేదని కాళ్లు ఆడించడం మానేసి తేలిపోతుంది. మందు పడిన ఎలుక ఈదుతూనే ఉంటుంది. ఆరు నిమిషాలు చూసి, బయటికి తీసి, తుడిచి, బోనులో పెడతారు. ఎన్నో సెకనులో తేలిందో రిజిస్టరులో రాస్తారు. చూడముచ్చటైన పని కాదు.

ఇరవై నాలుగు ఎలుకలకీ ఆ రెండు వారాలు సూదులు వేసింది సూదమ్మ. ఆవిడ అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఎక్కడా లేదు. ముప్పై ఏళ్లుగా అదే పని, చెయ్యి అంత తేలిక. కుడిచేత్తో సూది పట్టుకుని, ఎడమచేత్తో ఎలుక మెడ మీది తోలు పట్టి ఎత్తి, బొటనవేలితో దాని చెవి వెనక రెండుసార్లు నిమిరేది. నిమురుతూ “అయిపోయింది తల్లీ, అయిపోయింది” అనేది. సూది గుచ్చేది ఆ తర్వాత.

“గుచ్చకుండానే అయిపోయిందంటావేంటక్కా?” అని డాక్టరమ్మ నవ్వేది.

“చెబితే నమ్ముతాయమ్మా” అనేది సూదమ్మ.

ఈత పెట్టే రోజున కూడా ఆవిడది ఒకటే పద్ధతి. పసుప్పచ్చ తువ్వాలు నాలుగు మడతలు వేసి జాడీ పక్కన పెట్టుకుంటేగానీ ఎలుకని నీళ్లలో వదిలేది కాదు. ఒకసారి తువ్వాలు ఉతుకులో ఉందని పరీక్ష మర్నాటికి వాయిదా వేయించింది. ల్యాబు నడిపే పెద్దసారు చిందులు తొక్కాడు. ఆవిడ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. తుడవడానికి గుడ్డ పెట్టుకోలేదంటే బయటికి తీసే ఉద్దేశం లేనట్టే, అలా తడపడం పాపం అంది.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. భర్త పోయాక సూదమ్మకే దిగులు జబ్బు చేసింది. డాక్టరు ఆకుపచ్చా తెలుపూ క్యాప్సూళ్లు రాశాడు. మందుల షాపులో అడగడానికి సిగ్గుపడి, నెలనెలా డాక్టరమ్మ చేతే తెప్పించుకునేది. ఏడాదిలో మనిషి తేరుకుంది గానీ చెయ్యి వణకడం మొదలైంది. వంట చేసుకునే చెయ్యి వణికితే చారు ఒలుకుతుంది, అంతే. సూది వేసే చెయ్యి వణికితే ఉద్యోగం పోతుంది. “ఈ చెయ్యొక్కటి ఆగేలా చూడమ్మా” అని బతిమాలింది.

డాక్టరు దగ్గరికి పంపాల్సింది. అంతకంటే చెయ్యాల్సింది ఏమీ లేదు. కానీ ఏడేళ్లు ఒకే విషయం నమిలితే మనిషికి లోకమంతా ఆ రుచే తగులుతుంది. ఏడాదిపాటు నిజం మందు వేసుకున్న మనిషి, అదే రంగు, అదే వేళ, అదే నీళ్ల గ్లాసు. ఇంతకంటే మంచి పరీక్ష ఇంకేం ఉంటుంది? డాక్టరమ్మ ఆ నెల సీసాలోని క్యాప్సూళ్లన్నీ విప్పి, మందు పారబోసి, పాలచక్కెర పొడి నింపింది. సూదమ్మకి చెప్పలేదు, తెలిస్తే పనిచెయ్యదు కనక. తన చేతిసంచిలో ఉండే చిన్న పుస్తకంలో ఒక వరుస గీసుకుంది. ప్రాణి సంఖ్య: 25. బరువు: 61,000 గ్రాములు. రాస్తున్నప్పుడు నవ్వొచ్చింది కూడా.

వారం తిరిగేసరికి చెయ్యి ఆగిపోయింది. మనిషి హుషారుగా ఉంది. ఎలుకలకి ఆ రెండు వారాల సూదులూ ఆ చేత్తోనే వేసింది. రెండో నెల సీసాలోనూ పాలచక్కెరే నింపింది డాక్టరమ్మ. అయిదు వారాలు బాగానే గడిచాయి.

ఆరో వారంలో ఒక పొద్దున సూదమ్మ ల్యాబు పెరటి తొట్టిలో కనబడింది. అగ్నిప్రమాదాలకని నీళ్లు నిలవుంచే సిమెంటు తొట్టి అది. మనిషికి రెండింతల లోతు, లోపల మెట్లు లేవు. ముందురోజు సాయంత్రం అటు ఎందుకు వెళ్లిందో, పడిందో, దిగిందో ఎవరికీ తెలియదు. పెద్దసారు ప్రమాదమని రాయించాడు. తొట్టి ఖాళీ చేయించి, మూతకి తాళం వేయించాడు. వాచ్‌మన్ మాత్రం డాక్టరమ్మతో గొంతు తగ్గించి చెప్పాడు. చేతి గోళ్లు అరిగిపోయి ఉన్నాయట. తొట్టి నాలుగు గోడల మీదా గీతలున్నాయట. ఇంచుమించు తెల్లవారేదాకా ఈదిందని డాక్టర్లు అన్నారట.

మందు లేకపోతే తేలిపోవాలి. పాలచక్కెర పనిచేస్తే ఈదాలి. తెల్లవారేదాకా ఈదింది. ఈ లెక్క డాక్టరమ్మ బుర్రలోకి దానంతటదే వచ్చింది. వచ్చినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. ఆ రాత్రే చిన్న పుస్తకం కాల్చేసింది. నిద్ర మాత్రం ఆనాటి నుంచే పోయింది.

నాలుగు రోజులకి సూదమ్మ కూతురు వచ్చింది. బట్టలు కుట్టే దుకాణంలో పనిచేస్తుంది. అమ్మని అక్కా అని పిలిచినావిడ కనక, వయసులో ఎనిమిదేళ్లే తేడా అయినా, డాక్టరమ్మని వరస పెట్టి పిన్నీ అంటుంది. అమ్మ అల్మారాలోని చెప్పులూ, దువ్వెనా సంచిలో సర్దుకుని, ఒకే ఒక్క మాట అడిగింది.

“పిన్నీ, అమ్మ మందు రోజూ వేసుకునేదా?”

“వేసుకునేది” అంది డాక్టరమ్మ. అబద్ధం కాదు, క్యాప్సూల్ రోజూ మింగేది.

ఆ పిల్ల తలాడించింది. తొట్టిలో కనబడిన ముందురోజు పొద్దున అమ్మతో గొడవపడి ‘నీ మొహం నాకు చూపించకు’ అని వచ్చేసిందట. మందు మానేసి ఉంటే మందు మీదకి నెట్టేద్దును, వేసుకుంటూనే పోయిందంటే ఇక అది నా మాటే కదా పిన్నీ, అంది. అని వెళ్లిపోయింది. డాక్టరమ్మ లెక్కలు వేసుకుంది. చెబితే ఉద్యోగం పోతుంది, చదువు పోతుంది, జైలు కూడా రావచ్చు. చెప్పకపోతే ఆ పిల్ల బతుకంతా ఆ ఒక్క మాట మోస్తుంది. రేపు చెబుతాననుకుంది. అలా నెల దాటింది.

రెండో దశ సూదులు డాక్టరమ్మే మొదలుపెట్టింది. పన్నెండు ఎలుకలు మొదటి గుంపు, వాటికి లవంగం దూదీ, సెలైన్ సూదీ. మిగిలిన పన్నెండు రెండో గుంపు, వాటికి దూది లేదు, ఉత్త సెలైన్. రోజూ పదకొండింటికి సూది, ఏడు రోజులు. ఎనిమిదో రోజు ఈత. మొదటి గుంపు ఈదాలి, రెండో గుంపు తేలాలి.

రెండో గుంపే ఎక్కువసేపు ఈదింది.

వాసన సోకిందేమోనని రెండో గుంపుని వరండా చివరి గదికి మార్చింది. అది కూడా పగలు చీకటిగా ఉండే గదే, ఇంకా చిన్నది. మళ్లీ ఏడు రోజులు, మళ్లీ ఈత. ఈసారి పన్నెండింట్లో ఒక్కటి కూడా తేలలేదు. ఉత్తుత్తి మందుకి ఒక నియమం ఉంది. ముందెప్పుడో ఒక గుర్తుతో నిజం మందు ఇచ్చి ఉండాలి, ఆ గుర్తు మళ్లీ రావాలి. లవంగం లేదు. మరి ఏ గుర్తు వస్తోంది వీటికి?

మూడో వారం మొదటి రోజున పదిన్నరకే వెళ్లి, చివరి గదిలో స్టూలు వేసుకుని కూర్చుంది. ఒకే అరలో వరసగా పన్నెండు బోనులు. పన్నెండో బోను పక్కన తన స్టూలు. ఎర్ర బల్బు. ఎలుకలు తిరుగుతున్నాయి, తింటున్నాయి, చువ్వలు గీకుతున్నాయి.

పదకొండింటికి పావుగంట ఉందనగా గీకుడు ఆగింది.

అన్నీ ఒకేసారి ఆపాయి. ఇరవై నాలుగు చెవులు తలుపు వైపు తిరిగాయి. తలుపు తెరుచుకోలేదు. లోపలి తలుపూ తెరుచుకోలేదు, బయటి తలుపూ తెరుచుకోలేదు. కానీ పొట్టు వాసనలో ఇంకొక వాసన కలిసింది... తడి సిమెంటు వాసన.

మొదటి బోనులోని ఎలుక లేచి నిలబడింది. కాదు... లేవలేదు. దాని మెడ మీది తోలు ముడుచుకుని పైకి లేచింది. నాలుగు కాళ్లూ గాలిలో వేలాడాయి. మూత మూసే ఉంది. ఎలుక విదిలించుకోలేదు. కళ్లు సగం మూసింది. దాని చెవి వెనక బొచ్చు ఒకసారి పక్కకి ఒరిగింది. మళ్లీ ఒకసారి.

తర్వాత మెల్లగా కిందికి దిగింది. పొట్టులో ఒదిగి పడుకుంది.

రెండో బోను.

మూడో బోను... నాలుగు...

డాక్టరమ్మ లేవాలనుకుంది. స్టూలు మీదే ఉండిపోయింది. తడి వాసన దగ్గరయింది. నేలమీద నీటిబొట్టు పడ్డ చప్పుడు. ఏడో బోను. ఇంకొక బొట్టు. తొమ్మిది. పది. ఎక్కడా తొందర లేదు. ముప్పై ఏళ్లుగా చేస్తున్న పని అది, ఒక్కో దానికీ ఎంత సేపు పట్టాలో అంతే పడుతోంది.

పన్నెండోది కళ్లు మూసుకుని కిందికి దిగింది.

పదమూడో చోట స్టూలు ఉంది.

మెడ వెనక చల్లగా తగిలింది. తోలు కొంచెం పట్టి ఎత్తినట్టయింది, నొప్పి లేకుండా. కుడి చెవి వెనక బొటనవేలు. నానిపోయిన వేలు. చివర గోరు లేదు. ఒకసారి నిమిరింది. మళ్లీ ఒకసారి.

“అయిపోయింది తల్లీ... అయిపోయింది.”

అరుద్దామనుకుంది డాక్టరమ్మ. చురుక్కుమంది, అంతే. ఆ తర్వాత జరిగినదే అసలు భయంకరం. హాయిగా అనిపించింది. రెండు నెలల పైబడి గుండెమీద ఉన్న బండ ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది. పదకొండు కొట్టింది. ఎలుకలు మళ్లీ చువ్వలు గీకడం మొదలుపెట్టాయి. ఆవిడ లేచి, చేతులు కడుక్కుని, వణక్కుండా పన్నెండు సూదులూ వేసింది. ఆ రాత్రి ఎనిమిది గంటలు నిద్రపోయింది.

ఇంకొకరైతే మళ్లీ ఆ గడప తొక్కరు. డాక్టరమ్మ మర్నాడు పదిన్నరకల్లా స్టూలు మీద ఉంది. మూడోరోజూ, నాలుగోరోజూ వెళ్లింది. ఆకలి వేస్తోంది. పాటలు గుర్తొస్తున్నాయి. మొహం కళగా ఉందని పెద్దసారు కూడా అన్నాడు. సూదమ్మ కూతురి సంగతి తలపుకి వచ్చేది గానీ, ఎవరో చెప్పిన ఎవరి కథో అన్నట్టు వచ్చి పోయేది. చెప్పాలి కదా అనుకునేది. పదకొండింటికి పావు తక్కువకి ఆ అనుకోవడం కూడా పోయేది.

ఏడోరోజు సూదులయ్యాక, మర్నాటి ఈత కోసమని రిజిస్టరు తీసింది. పేజీకి పన్నెండు వరసలు, రెండో గుంపు సరిగ్గా ఒక పేజీలో సరిపోయింది. అన్నీ తన చేతిరాతే. ఎందుకో ఆ పేజీ తిప్పింది.

అవతలి పేజీలో ఒకే ఒక్క వరస ఉంది. ఆ రాత తనది కాదు. కొక్కెంలా వంకర తిరిగిన టిక్కులు ఎవరివో ఆ భవనంలో అందరికీ తెలుసు.

ప్రాణి సంఖ్య: 26. బరువు: 58,400 గ్రాములు. సూదులు: ఏడు టిక్కులు. ఈత పరీక్ష: రేపటి తేదీ. తేలిన సమయం: ఖాళీ.

ఎలుకలు ఇరవై నాలుగే. ఇరవై అయిదోది ఒకటుందని లోకంలో తనకి తప్ప ఎవరికీ తెలియదు. ఆ పుస్తకం బూడిదైపోయింది. డాక్టరమ్మ దాణా సంచులు తూచే కాటా ఎక్కి చూసుకుంది. యాభై ఎనిమిది కిలోల నాలుగు వందల గ్రాములు.

అప్పుడు మళ్లీ వచ్చింది భయం, నిజమైన భయం. దాని వెనకే, వారంగా ఎక్కడికో పోయిన సిగ్గూ, ఏడుపూ, ఆ పిల్ల మొహమూ అన్నీ ఒక్కసారి తోసుకొచ్చాయి. ఇప్పుడే చెప్పెయ్యాలి. చెబితేగానీ ఇది వదలదు. చీకటి గదిలోంచి బయటికి పరుగెత్తింది. వరండా నిండా మిట్టమధ్యాహ్నపు ఎండ. ఆ పిల్లకి ఫోను చేసింది.

“చెప్పు పిన్నీ” అంది ఆ పిల్ల. వెనక కుట్టుమిషన్ల చప్పుడు.

“నీతో ఒక మాట చెప్పాలమ్మా. మీ అమ్మ క్యాప్సూళ్లలో...”

ఎండలో తడి సిమెంటు వాసన వచ్చింది.

“క్యాప్సూళ్లలో? ఏంటి పిన్నీ?” కుట్టుమిషన్ ఆగింది. “అమ్మ గురించా? చెప్పు పిన్నీ, నీకు దణ్ణం పెడతాను.”

చెవి వెనక బొటనవేలు. ఒకసారి. మళ్లీ ఒకసారి.

“అయిపోయింది తల్లీ...”

డాక్టరమ్మ గట్టిగా ఊపిరి పీల్చి వదిలింది. ఒంట్లోని బరువంతా దిగిపోయింది. ఎండ బాగుంది. గాలి బాగుంది. ఏదో చెప్పబోయింది, అదంత ముఖ్యమైనదిగా తోచలేదు.

“ఏం లేదమ్మా” అంది. “ఊరికే చేశాను. ఒంట్లో బాగుందా?”

అవతల ఆ పిల్ల ఏడవడం వినిపించింది. డాక్టరమ్మ మర్యాదగా కాసేపు విని, ఫోను పెట్టేసింది.

సాయంత్రం అయిదింటికి కూనిరాగం తీస్తూ పెరట్లోంచి బస్సు కోసం బయల్దేరింది. తొట్టి మూత తెరిచి ఉంది. తాళం చెవి వాచ్‌మన్ మొలకే వేలాడుతోందని వచ్చేటప్పుడే చూసింది. రెండు నెలలుగా ఎండిపోయి ఉన్న తొట్టి అంచుదాకా నిండి ఉంది. పొద్దుటి నుంచి కనబడని థర్మామీటరు దారానికి కట్టి నీళ్లలో వేలాడుతోంది. డాక్టరమ్మ వంగి చదివింది. ఇరవై అయిదు డిగ్రీలు. గట్టుమీద స్టాప్‌వాచ్ ఉంది, సున్నా దగ్గర పెట్టి.

అంతా పద్ధతిగా ఉందనుకుంది. ఒక్కటే ఆవిడకి వెలితిగా తోచింది. గట్టు చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. ఇంకోసారి తిరిగి, మూత కింద, మొక్కల వెనక కూడా వెతికింది.

పసుప్పచ్చ తువ్వాలు ఎక్కడా లేదు.